ఎగ్‌లెస్ వేరు, వీగన్ వేరండీ

సంపాదకుల వారికి నమస్కారం.

కిందటి ఆదివారం మీ అనుబంధంలో పుట్టినరోజు కేకుల గురించి ఒక పేజీ వేశారు. అందులో ఒకచోట ‘ఎగ్‌లెస్, వీగన్ కేకులు’ అని రెండిటినీ ఒకే గాటన కట్టేశారు. ఎగ్‌లెస్ అంటే గుడ్డు ఒక్కటే ఉండదు; వీగన్ అంటే గుడ్డుతో పాటు పాలు, నెయ్యి, తేనె లాంటివి కూడా ఏవీ ఉండవు. రెండు నెలల క్రితమైతే నేనూ ఆ మాట చదివి పేజీ తిప్పేసేదాన్ని. మే నెలలో మా కోడలి పుట్టినరోజుకి కేకు చేయించబోయి నానా తిప్పలు పడ్డాక మాత్రం ఊరుకోబుద్ధి కాలేదు. అందుకే ఈ ఉత్తరం.

నేను తెనాలిలో ఇరవై ఆరేళ్ళుగా బ్లౌజులు కుడుతున్నాను. కేకుల సంగతి నాకేం తెలుసు అంటారా? కేకులు తెలియవు గానీ ఆర్డర్లు తెలుసు.

మా అబ్బాయి పెళ్ళయి ఎనిమిది నెలలయింది. పెళ్ళిచూపులప్పుడే ఆ పిల్ల చెప్పింది, “నేను పాలు, పెరుగు, నెయ్యి ఏవీ తీసుకోనండీ” అని. మాంసం మాననివాళ్ళం మేము, ఆ అమ్మాయి పాలే మానేసింది. కొత్తలో మా వీధిలో ఆడవాళ్ళు నన్ను కూర్చోబెట్టి, పాలు తాగని పిల్లకి రేపు కాన్పప్పుడు బలం ఎక్కణ్ణుంచి వస్తుందని ఆరాలు తీశారు. నాకూ లోపల బెంగగానే ఉండేది. ఒకరోజు కాజాలు కుట్టుకుంటూ నేనే అడిగాను, ఎందుకమ్మా ఇలా మానేశావని. చిన్నప్పుడు వాళ్ళ తాతగారింట్లో గేదె ఈని, దూడ చచ్చిపోతే, ఆ తోలులో గడ్డి కుక్కి గేదె ముందు నిలబెట్టి పాలు పిండేవారట. గేదె దాన్ని నాకుతూ చేపేదట. “అది చూశాక చాలా ఏళ్ళు తాగాను అత్తయ్యా, కానీ మర్చిపోలేకపోయాను” అంది. మా పుట్టింట్లోనూ అలాగే చేసేవారు. నేనూ చూశాను. నాకు ఏమీ అనిపించలేదు అప్పట్లో. సరే, ఆ విషయం అక్కడితో వదిలేస్తాను. నేను ఇప్పటికీ కాఫీ మానలేదు.

ఇంట్లో ఆ పిల్లకి తినడానికి లోటేం లేదు. చిమ్మిలి తింటుంది, నువ్వుండలు తింటుంది, అరిసెలు నూనెలో వేస్తే అవీ తింటుంది. పూర్ణం బూరెలు చేసినప్పుడు మేమందరం చిల్లు పెట్టి నెయ్యి పోసుకుంటే తను ఉత్తదే తింటుంది. కానీ కేకు దగ్గరే వచ్చింది చిక్కు. ఆఫీసులో నెలకొకసారి ఎవరిదో ఒకరిది పుట్టినరోజంటే అందరితో పాటు నిలబడి చప్పట్లు కొట్టి, పక్కనున్న చిప్స్ రెండు తిని వచ్చేస్తుందట. తన పుట్టినరోజుకి కేకు కోసి అయిదేళ్ళయిందని మా అబ్బాయి నోరు జారాడు. మా ఇంట్లో తనకిది మొదటి పుట్టినరోజు. చెప్పకుండా చేయిద్దామనుకున్నాను.

నాలుగు రోజుల ముందే మా ఊళ్ళో బాగా నడిచే ఒక బేకరీకి వెళ్ళాను. పేరు ఎందుకులెండి. కిలోన్నర చాక్లెట్ కేకు కావాలి, గుడ్డు, పాలు, వెన్న, నెయ్యి, తేనె ఏవీ ఉండకూడదు అని చెప్పాను. కౌంటర్లో కుర్రాడు వినీ వినకముందే “ఎగ్‌లెస్సేనండీ మేడం, ప్యూర్ వెజ్” అన్నాడు. పాలు కూడా ఉండకూడదు నాయనా అంటే, “క్రీమ్ నాన్ డెయిరీనేనండీ, పాల చుక్క ఉండదు” అన్నాడు. అయిదొందలు అడ్వాన్స్ తీసుకుని చీటీ రాసిచ్చాడు. ‘ఎగ్‌లెస్, చాక్లెట్, 1.5, శనివారం.’ అంతే. నేను చెప్పిన అయిదింట్లో నాలుగు ఆ చీటీ మీద లేవు. అప్పుడే అనుమానం రావాల్సింది.

రెండు రోజులాగి, కేకు మీద వేయాల్సిన ముగ్గు ఇచ్చిరావడానికి మళ్ళీ వెళ్ళాను. మా కోడలు రోజూ తెల్లవారుజామునే వాకిట్లో మెలికల ముగ్గు వేస్తుంది, చుక్క పక్కకి జరగదు. అందులో ఒకటి, ఏడు చుక్కలు ఏడు వరుసలు, నేను కటింగ్‌కి వాడే ఖాకీ కాగితం మీద గీసి పట్టుకెళ్ళాను. తెల్ల ముగ్గు దేనితో వేస్తారు బాబూ అని అడిగాను. తెల్ల చాక్లెట్ కరిగించి వేస్తామన్నాడు. తెల్ల చాక్లెట్ అంటే పాలపొడి లేకుండా ఎలా వస్తుంది? అక్కడ నాకు తేడా కొట్టింది. మీ క్రీమ్ ప్యాకెట్ ఒకసారి చూపించమన్నాను. కుర్రాడు విసుక్కోలేదు పాపం, లోపల్నుంచి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

ముందువైపు పెద్ద అక్షరాల్లో ‘నాన్ డెయిరీ’ అనే ఉంది. వెనక్కి తిప్పి, సూదిలో దారం ఎక్కించేటప్పుడు పెట్టుకునే కళ్ళజోడు పెట్టుకుని, వేలు ఆనించి ఒక్కో మాటా చదువుకుంటూ పోయాను. నూనె, పంచదార, నీళ్ళు, ఆ తర్వాత ‘సోడియం కేసినేట్’. ఆ వరుస కిందే పాలు ఉన్నాయని ఇంగ్లీషులో లావు అక్షరాల్లో హెచ్చరిక. ఫోటో తీసి హైదరాబాదులో ఉన్న మా అమ్మాయికి పంపాను. “కేసినేట్ అంటే పాలలోంచి తీసే ప్రోటీనే అమ్మా, కొన్ని క్రీముల్లో వేస్తారు” అని వెంటనే చెప్పింది. పాల వెన్న లేదు కాబట్టి పైన నాన్ డెయిరీ అని వేసుకున్నారు, కానీ లోపల పాలున్నాయి. కేకు పిండి ఏమిటని అడిగితే అదీ ముందే కలిపి అమ్మే ఎగ్‌లెస్ ప్రీమిక్స్ పొడి అట, దాని సంచీ మీద పాలపొడి అని ఉంది. ఆ కుర్రాడు అబద్ధమాడాడని నేను అనను. ముందువైపు ఉన్నది చదివి చెప్పాడు. వాళ్ళ ఓనరుగారు మాత్రం, “గుడ్డు లేదుగా అమ్మా, ఇంకేం కావాలి, కొంచెం పాలుంటే ఎవరికి తెలుస్తుంది” అన్నారు. ఎవరికి తెలుస్తుందట!

నేను పట్టుచీర మీదికి బ్లౌజు కుట్టేటప్పుడు లోపల లైనింగ్ ఎవరికీ కనిపించదు. కాటన్ అని చెప్పి టెరీకాటన్ వేసినా బయటికి తెలియదు. పెళ్ళి పీటల మీద మూడు గంటలు కూర్చున్న పిల్లకి ఒళ్ళంతా చెమటకాయలు లేస్తే అప్పుడు తెలుస్తుంది. అందుకే నా నోటు పుస్తకంలో కొలతల పక్కన లైనింగ్ ఏదో రాసి, చిన్న ముక్క పిన్ను పెడతాను. కస్టమర్‌కి చూపించి సంతకం పెట్టించుకుంటాను కూడా, ఒకసారి గొడవ అయినప్పటినుంచీ.

ఆర్డర్ వద్దన్నాను. అడ్వాన్స్ వెనక్కి ఇవ్వం, అయిదొందలకి ఏదైనా తీసుకోండి అన్నారు. కర్రీ పఫ్‌లూ రస్కులూ తెచ్చి మా షాపులో పిల్లలకి పంచాను. శుక్రవారం పొద్దున్నకి నా చేతిలో కేకు లేదు. ఒకటే టెన్షన్. కోడలికి చెప్పలేను, చెప్తే “ఎందుకత్తయ్యా ఇదంతా, బూరెలు చాలు” అంటుంది.

నా దగ్గర బ్లౌజులు కుట్టించుకునే ఒకావిడ ఇంట్లోనే కేకులు చేస్తుందని గుర్తొచ్చి ఫోన్ చేశాను. ఆవిడ అడిగిన మొదటి మాట, “తినే మనిషి ఇష్టంతో మానేశారా, లేక పాలు పడవా?” అని. రెండూ ఒకటి కాదా అన్నాను. కాదట. ఇష్టంతో మానేసినవాళ్ళకి ఒక చుక్క పడితే మనసు బాధపడుతుంది. పాల ఎలర్జీ ఉన్న పిల్లలకైతే ఆ చుక్కకే పెదాలు వాచి, ఊపిరాడక ఆస్పత్రి పాలవ్వచ్చు. పాలు అరక్క కడుపుబ్బరం వచ్చేవాళ్ళు మళ్ళీ వేరే. అలాంటి ఎలర్జీ ఉన్న ఒక పిల్లవాడికి ఆవిడ ఏటా కేకు చేస్తుందట. ఆ రోజు పొద్దున్నే గిన్నెలూ గరిటెలూ కడిగి, మిగతా కేకులు మొదలుపెట్టకముందే ఆ పిల్లవాడిది చేసి పక్కన పెట్టేస్తుందట. ఇవన్నీ చెబుతూనే పుస్తకం తీసి నేను చెప్పినవి ఒక్కొక్కటీ రాసుకుంది. అప్పటికి నాకు మనసు కుదుటపడింది. ఈవిడ మనలాంటిదే అనుకున్నాను.

సాయంత్రం షాపు పిల్లలకి అప్పగించి, వాళ్ళ వంటింట్లో ఒక స్టూలేసుకుని కూర్చున్నాను. గుడ్డు లేకుండా, పెరుగు లేకుండా కేకు ఎలా పొంగుతుందా అని చూడాలనిపించింది. చిక్కటి కొబ్బరిపాలలో రెండు చెంచాల వెనిగర్ వేస్తే కాసేపటికి విరిగినట్టయింది. అందులో పొద్దుతిరుగుడు నూనె, పంచదార. ఇంకో గిన్నెలో మైదా, కోకో పొడి, వంటసోడా, చిటికెడు ఉప్పు. రెండూ కలిపేసరికి గోలీసోడా కొట్టినట్టు బుసబుసమని బుడగలు. “ఆ బుడగలే మనకి గుడ్డు, ఇవి చల్లారకముందే ఓవెన్‌లోకి వెళ్ళిపోవాలి” అని గబగబా పెట్టేసింది. కొబ్బరి క్రీమ్ గిలక్కొట్టి పూయొచ్చట గానీ మే నెల ఎండకి మా ఇంటిదాకా కూడా నిలవదంది. దానికి బదులు డార్క్ చాక్లెట్, వేడి కొబ్బరిపాలు కలిపి పైన పోసింది. ఆ చాక్లెట్ కూడా ఏది పడితే అది కాదు, డార్క్ అని అమ్మేవాటిలో కొన్నిటిలో పాలపొడి ఉంటుందట. ప్యాకెట్ వెనక చూపించింది.

ముగ్గు దగ్గర ఆవిడా ఆగింది. గట్టిపడే తెల్ల ఐసింగ్‌కి మామూలుగా గుడ్డు తెల్లసొన వేస్తారట. చివరికి ఐసింగ్ షుగర్‌లో నీళ్ళు బొట్టు బొట్టుగా వేసి, పాల మీగడంత చిక్కగా కలిపింది (పోలిక కూడా పాలతోనే వస్తోంది చూడండి, ఏం చేస్తాం). బటర్ పేపర్‌ని పొట్లంలా చుట్టి, కొస కత్తిరించి, నా ఖాకీ కాగితం పక్కన పెట్టుకుని వేసింది. మెలిక తిప్పేచోట ఊపిరి బిగబట్టేది. నేనూ బిగబట్టాను. కిలోన్నరకి పందొమ్మిది వందల యాభై తీసుకుంది. బేకరీ ధరకి ఇంచుమించు రెట్టింపు. ఎక్కువే. కానీ నా మగ్గం వర్క్ బ్లౌజు ధర విని జనం కూడా అలాగే అంటారు, కాబట్టి నోరెత్తలేదు.

శనివారం రాత్రి కేకు పెట్టె తెరిస్తే మా కోడలు ముందు కత్తి తీసుకోలేదు. పెట్టె మూత మీద అంటించిన కాగితం చదివింది, పైనుంచి కిందిదాకా. తర్వాత ముగ్గు వంక చూసి, “అత్తయ్యా, ఆరో వరుసలో ఒక చుక్క మింగేశారు” అంది. నిజమే, అటు నేనూ చూసుకోలేదు, ఆవిడా చూసుకోలేదు. ఆ చుక్క లేని చోటే మొదటి ముక్క కోసింది. రెండు ముక్కలు తింది. మా ఆయన, పాలు లేని కేకు రబ్బరులా ఉంటుందని మధ్యాహ్నం నుంచీ అంటున్న మనిషి, మర్నాడు ఫ్రిజ్‌లో వెతుక్కున్నారు.

ఇక అసలు సంగతికి వస్తాను. ప్యాకెట్ మీద శాకాహారం అని చెప్పే ఆకుపచ్చ చుక్క ఉంటే చాలదు. మా అమ్మాయి ఆహార భద్రత సంస్థ నిబంధనలు తీసి ఫోన్లో చదివి వినిపించింది. ఆ చుక్కకి అర్థం మాంసం, చేప, గుడ్డు లేవని. పాలూ తేనే ఉన్నా ఆ చుక్క వేసుకోవచ్చు. వీగన్ ఆహారానికి 2022లో విడిగా నిబంధనలు వచ్చాయి, గుర్తూ వేరే ఉంది, ఇంగ్లీషు ‘వి’ అక్షరానికి ఆకు మొలిచినట్టు ఉంటుంది. ప్యాకెట్లో అమ్మేవాటి మీద పాలు, గుడ్డు, వేరుశనగ, సోయా, గోధుమ లాంటివి ఉంటే స్పష్టంగా రాయాలని 2020 నిబంధనల్లో ఉంది. అందుకే ఆ క్రీమ్ ప్యాకెట్ వెనక నాకు నిజం దొరికింది. కానీ ఆ క్రీమ్ కేకు మీదికి ఎక్కగానే ప్యాకెట్ చెత్తబుట్టలోకి పోతుంది. గుడ్డ తాను అంచు మీద మిల్లు వాళ్ళు అచ్చేసిన వివరం, ముక్క కోసి ఇచ్చేసరికి పోయినట్టే. పది, అంతకు మించి శాఖలున్న పెద్ద హోటళ్ళు ఈ వివరాలు చెప్పాలని నిబంధన ఉందట. మా ఊరి బేకరీలకి పది శాఖలెక్కడివి?

నేను కొత్త చట్టమేమీ అడగడం లేదు. కేకు ఆర్డర్ చీటీ మీద, కస్టమర్ వద్దన్నవి ఏమిటో కస్టమర్ ముందే రాయమంటున్నాను. కేకు పెట్టె మీద అందులో వేసినవి రాసి అంటించమంటున్నాను. చేయలేకపోతే చేయలేమని మొదటిరోజే చెప్పమంటున్నాను, నాకు రాని డిజైన్ నేను చెప్పేస్తాను కదా. మా జిల్లా ఆహార తనిఖీ అధికారులు బేకరీలకి వెళ్ళినప్పుడు ఈ మాట కూడా చెవిన వేస్తే బాగుంటుంది. మీరూ మీ అనుబంధంలో ఆ రెండు మాటల మధ్య కామా తీసి, విడివిడిగా రాయండి.

మా కేకు పెట్టె మీద కాగితం నకలు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. చేసినావిడ పేరు, ఫోన్ నంబరు ఉన్న అంచు మడిచేశాను, అడిగితే వద్దంది. అందులో ఉన్నవి ఇవి: మైదా, పంచదార, కోకో పొడి, కొబ్బరిపాలు, పొద్దుతిరుగుడు నూనె, వెనిగర్, వంటసోడా, ఉప్పు, డార్క్ చాక్లెట్, ఐసింగ్ షుగర్. కింద ఎర్ర పెన్నుతో, ‘ఇదే వంటింట్లో పాలు, గుడ్లు, జీడిపప్పు కూడా వాడతాను’ అని ఉంది. వీలైతే అచ్చు వేయండి, బేకరీ వాళ్ళెవరైనా చూసి అలాగే రాసుకుంటారు.

ఇట్లు,
బ్లౌజులు కుట్టే ఒక అత్తగారు,
తెనాలి