ఫుకుషిమా పుకార్లు నమ్మితే అసలు తప్పు చేసినవాళ్లు తప్పించుకుంటారు

సంపాదకుడు గారికి నమస్కారం.

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో పెడతామంటున్న అణు విద్యుత్ కేంద్రం గురించి పేపర్లో వార్త పడిన ప్రతిసారీ మన వైజాగ్ వాట్సాప్ గ్రూపుల్లో, జపాన్‌లో 2011లో ప్రమాదం జరిగిన ఫుకుషిమా అణు కేంద్రం వీడియోలు మళ్లీ లేస్తున్నాయి. ఈసారి వచ్చినవి మరీ ఘోరంగా ఉన్నాయండి. 2011లో జపాన్‌లో వచ్చింది భూకంపమే కాదు, ఎవరో కావాలని పుట్టించారు అని ఒకటి. రియాక్టర్‌లో పేలింది దాచిపెట్టిన అణుబాంబు అని ఇంకోటి. పసిఫిక్ సముద్రం మొత్తం చచ్చిపోయింది, ఆ విషం బంగాళాఖాతం దాకా వచ్చేసింది, చేపలు తినకండి అని మూడోది. నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను, ఇవి నాకు పంపిస్తున్నది మా పిల్లలూ వాళ్ల అమ్మానాన్నలే, నిజమేనా సార్ అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పేకన్నా మీ పేపర్ ద్వారా అందరికీ చెప్దామని రాస్తున్నా, కాస్త పొడుగైనా దయచేసి వేయండి.

ముందు జరిగింది చెప్తాను. 2011 మార్చి 11న జపాన్ టైమ్ ప్రకారం మధ్యాహ్నం 2:46కి 9 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఫుకుషిమా దాయిచిలో ఆరు రియాక్టర్లుంటే అప్పుడు నడుస్తున్నవి మూడే, ఆ మూడూ వాటంతటవే ఆగిపోయాయి. కానీ రియాక్టర్ ఆగినంత మాత్రాన వేడి ఆగదు, యురేనియం చీలినప్పుడు పుట్టిన పదార్థాలు రేడియేషన్ ఇస్తూనే ఉంటాయి కాబట్టి ఇంధనం రోజుల తరబడి కాగుతూనే ఉంటుంది, నీళ్లు పంపు చేస్తూనే ఉండాలి. బయటి కరెంటు పోయింది, డీజిల్ జనరేటర్లు ఆన్ అయ్యాయి, అక్కడిదాకా అంతా అనుకున్నట్టే జరిగింది. దాదాపు 50 నిమిషాలకి 14, 15 మీటర్ల ఎత్తున సునామీ వచ్చి పడింది. జనరేటర్లలో ఎక్కువభాగం, కరెంటు ప్యానెళ్లు బేస్‌మెంట్‌లో ఉన్నాయి, మునిగిపోయాయి. పంపులు ఆగాయి, నీళ్లు ఇగిరిపోయాయి, ఇంధనం చుట్టూ ఉండే జిర్కోనియం గొట్టాలు ఆవిరితో కలిసి హైడ్రోజన్‌ని పుట్టించాయి. 12న ఒకటో యూనిట్, 14న మూడో యూనిట్, 15న నాలుగో యూనిట్ బిల్డింగులు పేలింది ఆ హైడ్రోజన్ వల్లే.

బాంబు థియరీ వాళ్లు గట్టిగా పట్టుకునేది ఈ నాలుగో యూనిట్‌నే. అందులో రియాక్టర్ ఖాళీగా ఉంది కదా, ఇంధనమే లేనిది ఎలా పేలింది అంటారు. అడగాల్సిన ప్రశ్నే, జవాబు కూడా ఉంది. మూడో యూనిట్‌కీ నాలుగో యూనిట్‌కీ గాలి బయటికి పోయే గొట్టం ఒక చోట కలుస్తుంది, మూడో దాంట్లో పుట్టిన హైడ్రోజన్ ఆ గొట్టంలోంచి వెనక్కి నాలుగో బిల్డింగులోకి వెళ్లి పేరుకుంది. ఇంకో విషయం, కరెంటు రియాక్టర్‌లో వాడే యురేనియంలో తేలిగ్గా చీలే రకం (యురేనియం-235) సుమారు 5 శాతం లోపే, బాంబుకి 90 శాతం దాకా కావాలి, ఆ ఇంధనం కరిగి ముద్దయిపోతుందేమో గానీ బాంబులా పేలదు. అంతెందుకండీ, మూడో యూనిట్ పేలినప్పుడు ఆ పక్కనే పనిచేస్తున్న సిబ్బందీ సైనికులూ కలిపి 11 మందికి గాయాలయ్యాయి, పక్కనే అణుబాంబు పేలితే గాయపడ్డామని చెప్పడానికి మనుషులు మిగులుతారా?

భూకంపం పుట్టించారు అనేదానికి అలాస్కాలో ఉన్న హార్ప్ అనే రేడియో కేంద్రాన్ని చూపిస్తున్నారు. దాని పవర్ 3.6 మెగావాట్లు. తొమ్మిది తీవ్రత భూకంపంలో అలలుగా బయటికొచ్చే శక్తి ఎంతంటే ఆ కేంద్రాన్ని రాత్రీ పగలూ ఆపకుండా నడిపినా అంత శక్తి రావడానికి వేల ఏళ్లు పడుతుంది, ఈ లెక్క మా సెకండ్ ఇయర్ పిల్లలు బోర్డు మీద చేసేశారు. పైగా ఆ తీరానికి సునామీలు కొత్త కాదు, 869లో వచ్చింది, 1896లో వచ్చింది, 1933లో వచ్చింది, అప్పుడు ఏ రేడియో కేంద్రం ఉంది?

ఇక వాట్సాప్‌లో తిరుగుతున్న ఎర్రటి మ్యాప్. జపాన్ దగ్గర నల్లగా ఎర్రగా మొదలై పసిఫిక్ అంతా నారింజ రంగులో పాకుతుంది, కింద తెలుగులో రేడియేషన్ ఎలా వ్యాపించిందో చూడండి అని రాశారు. దాన్ని క్లాసులో ప్రొజెక్టర్ మీద పెట్టి పక్కనున్న రంగుల పట్టీని జూమ్ చేసి చదవమన్నాను. వెనక బెంచీ అమ్మాయి చదివింది, సెంటీమీటర్లు అని ఉంది సార్ అని. రేడియేషన్‌ని సెంటీమీటర్లలో కొలవరు. అది అమెరికా సముద్ర వాతావరణ సంస్థ నోవా వాళ్లు సునామీ అలలు ఎక్కడ ఎంత ఎత్తు లేచాయో చూపించడానికి వేసిన మ్యాప్. రంగు చూసి భయపడ్డవాళ్లే గానీ పట్టీ చదివినవాళ్లు లేరు, పదేళ్లు దాటినా అదే మ్యాప్ తిరుగుతూనే ఉంది.

దీనివల్ల ఎవరికి దెబ్బ తగులుతోందో చూడండి. పోయిన ఆదివారం పెదజాలరిపేటలో చేపలు కొనడానికి వెళ్తే ఎప్పుడూ పదింటికల్లా ఖాళీ అయిపోయే బుట్టలో వంజరం ముక్కలు అలాగే ఉన్నాయి, ఐస్ కరిగి నీళ్లు కారుతున్నాయి. "రెండ్రోజుల్నుంచి ఎవులూ అడగట్లేదు బాబూ, జపానోలు సముద్రంలో ఇసం కలిపీసినారంట కదా, నిజమేనేటి?" అని అడిగింది చేపలమ్మే ఆవిడ. వేటకెళ్లిన బోటు డీజిల్ ఖర్చు, ఐస్ ఖర్చు ఎవరిస్తారండీ ఆవిడకి, వీడియో చేసినవాడిస్తాడా?

ఆవిడకి చెప్పిందే ఇక్కడా చెప్తాను. 2023 ఆగస్టు 24 నుంచి జపాన్ ఆ ప్లాంట్ ట్యాంకుల్లో నిలవ ఉన్న రేడియేషన్ నీళ్లని శుద్ధి చేసి సముద్రంలోకి వదులుతోంది, ఇది నిజం. శుద్ధిలో పోనిది ముఖ్యంగా ట్రిటియం, అంటే రేడియేషన్ ఇచ్చే ఒక రకం హైడ్రోజన్, దాన్ని లీటరుకి 1,500 బెక్వెరల్స్ (రేడియేషన్ కొలత) లోపుకి పలచన చేసి వదులుతున్నారు, తాగే నీళ్లకే ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన గైడ్‌లైన్ 10,000. అంతర్జాతీయ అణు శక్తి సంస్థ మనుషులు అక్కడే ఉండి చూస్తున్నారు. జపాన్ తూర్పు తీరం నుంచి సముద్ర ప్రవాహం పోయేది అమెరికా వైపు, మన వైపు కాదు. ఆ అమెరికా తీరంలో కూడా వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థ సైంటిస్టులు కొలిస్తే ఫుకుషిమా నుంచి వచ్చిన సీజియం అనే రేడియోధార్మిక పదార్థం దొరికింది గానీ ఆరోగ్యానికి ముప్పు లేనంత స్వల్పం. మరి అక్కడ అసలు చెడిపోయిన చేపే లేదా అంటే ఉంది, 2023లో ఆ ప్లాంట్ హార్బర్ గోడల లోపలే పట్టిన ఒక చేపలో కిలోకి 18,000 బెక్వెరల్స్ సీజియం ఉంది, జపాన్ లిమిట్ 100. ఆ సంగతి బయటపెట్టింది ప్లాంట్ నడిపే కంపెనీయే. ప్లాంట్ గుమ్మంలో చేపని చూపించి వైజాగ్ వంజరం తినొద్దనడం మాత్రం అన్యాయం.

జనం ఎందుకు నమ్ముతున్నారో కూడా నాకు అర్థమవుతుంది, ఎందుకంటే అక్కడ దాచిపెట్టినవి నిజంగానే ఉన్నాయి. ప్లాంట్ నడిపే టెప్కో కంపెనీకి 15.7 మీటర్ల సునామీ రావచ్చని 2008లోనే సొంత లెక్కల్లో తేలింది, ప్లాంట్ మాత్రం సుమారు 6 మీటర్ల అలకే సిద్ధంగా ఉంది, కంపెనీ ఏమీ చేయలేదు. ఇంధనం కరిగిపోయిందని తెలిసీ రెండు నెలలపాటు ఆ మాట వాడలేదు, అప్పటి ప్రెసిడెంటే వాడొద్దన్నాడని 2016లో ఒప్పుకున్నారు. రేడియేషన్ ఎటు పోతుందో కంప్యూటర్ అంచనా సర్కారు చేతిలో ఉండి కూడా జనానికి చెప్పలేదు, నమియే ఊరివాళ్లు సరిగ్గా అది వెళ్తున్న వైపుకే పారిపోయారు. సేఫ్టీ చూడాల్సిన సంస్థ అణు విద్యుత్‌ని పెంచాల్సిన మంత్రిత్వ శాఖ కిందే ఉంది. జపాన్ పార్లమెంటు వేసిన కమిషనే 2012లో ఇది మనుషులు చేసిన ప్రమాదం అని తేల్చింది. టెప్కో మాజీ పెద్దలు నలుగురు 13 లక్షల కోట్ల యెన్‌లకి పైగా కట్టాలని 2022లో టోక్యో జిల్లా కోర్టు చెప్తే 2025లో హైకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. ఇంత ఉండగా బాంబు, రేడియో కేంద్రం అంటూ తిరిగితే లాభం ఎవరికి? ఎవరో శత్రువు చేశాడంటే గోడ కట్టనివాడి తప్పు, జనరేటర్లు బేస్‌మెంట్‌లో పెట్టినవాడి తప్పు కొట్టుకుపోతాయి. నాకు కోపం వచ్చేది ఇక్కడే. అదే తీరంలో భూకంప కేంద్రానికి ఇంకా దగ్గరగా ఉన్న ఒనగావా ప్లాంట్‌ని ముందే ఎత్తు మీద కట్టారు కాబట్టి నిలబడింది, సునామీలో ఇళ్లు పోయిన జనం వందల మంది ఆ ప్లాంట్ జిమ్‌లోనే తలదాచుకున్నారు.

భయం కూడా మనుషుల్ని చంపుతుంది. ఫుకుషిమా ప్రాంతంలో ఊళ్లు ఖాళీ చేయించడం వల్ల, ఆసుపత్రుల నుంచి ముసలివాళ్లని హడావుడిగా తరలించడం వల్ల, ఆ తర్వాత అవస్థల వల్ల 2,300 మందికి పైగా పోయారని అక్కడి లెక్కలు. రేడియేషన్ వల్ల అని సర్కారు ఒప్పుకున్నది 2018లో ఒక్క కార్మికుడి లంగ్ క్యాన్సర్ మరణాన్ని. ఎవరూ చావలేదు అనేవాళ్లూ, లక్షల మంది పోయారు దాచారు అనేవాళ్లూ ఇద్దరూ తప్పే. మనకిది తెలియనిది కాదు, 2020 మే 7న మన విశాఖ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ గ్యాస్ లీకులో 12 మంది పోయిన ఆ రాత్రి మళ్లీ లీకైంది, ట్యాంక్ పేలిపోతుంది అని పుకారు లేచి గోపాలపట్నం, ఎన్ఏడీ వైపు జనం పిల్లల్ని ఎత్తుకుని రోడ్ల మీద పరుగులు పెట్టలేదూ.

నేను కొవ్వాడకి అనుకూలం అని రాయట్లేదు, వ్యతిరేకం అని కూడా రాయట్లేదు. 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు శ్రీకాకుళం జిల్లా సముద్రం ఒడ్డున పెడతామంటున్నప్పుడు అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఎంత ఎత్తు అల వస్తుందని లెక్కేశారు, ఆ లెక్క ఎవరు చెక్ చేశారు, జనరేటర్లు ఏ ఎత్తులో పెడతారు? 2004 సునామీలో కల్పాక్కంలో పంపుహౌస్ మునిగినా రియాక్టర్‌ని సేఫ్‌గా ఆపగలిగారు, ఆ అనుభవం ఇక్కడి డిజైన్‌లో ఎక్కడ కనిపిస్తోంది? అణు శక్తి నియంత్రణ బోర్డుకి తగినంత స్వతంత్రత లేదని సర్కారు లెక్కలు తనిఖీ చేసే మన కాగ్ సంస్థే 2012లో ఎత్తిచూపింది, అది ఇప్పటికి ఎంత మారింది? ప్రమాదం జరిగితే రణస్థలం మండలం జనాన్ని ఏ రోడ్డు మీదుగా ఎక్కడికి తీసుకెళ్తారు, మత్స్యకారులకి పరిహారం ఎవరిస్తారు?

మీ రిపోర్టర్లు ఈ ప్రశ్నలు అధికారుల్ని అడిగి, వచ్చిన జవాబులు ఉన్నవి ఉన్నట్టు జిల్లా ఎడిషన్‌లో వేయండి, జవాబు రాకపోతే రాలేదనీ వేయండి. చేపల వీడియో తప్పని ఒక చిన్న బాక్స్ ఐటమ్ కూడా ఈ ఆదివారం లోపే వేస్తే పెదజాలరిపేటలో ఆడవాళ్లకి బేరం మళ్లీ మొదలవుతుంది.

ఇట్లు,
ఒక ఫిజిక్స్ లెక్చరర్,
పెదవాల్తేరు, విశాఖపట్నం