మా నాన్నగారి చివరి రోజుల్లో తోడు నిలిచినవారికి కృతజ్ఞతలు

పెద్దలకు, బంధుమిత్రులకు, మా మాధవరం గ్రామస్థులందరికీ నమస్కారం. సైన్యంలోని ఇంజనీరింగ్ దళమైన మద్రాస్ సాపర్స్‌లో 24 ఏళ్లు పనిచేసి, 1993లో హవల్దారుగా పదవీ విరమణ చేసిన మా నాన్నగారు గత నెలలో తమ 75వ ఏట కన్నుమూశారు. పెద్దకర్మ నాడు వచ్చినవారిని సరిగా పలకరించలేకపోయాము. ఎవరు ఏ సాయం చేశారో ఇప్పుడిప్పుడే ఒక్కొక్కటిగా తెలుస్తున్నది కనుక, ఇంటింటికీ వచ్చి చెప్పవలసిన మాటలను ముందుగా ఇలా రాస్తున్నాను.

మొదట మా వీధి కుర్రవాళ్లు ఆరుగురికి చెప్పాలి. నాన్నగారు స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగిన రాత్రి, అంబులెన్సు మా సందులోకి రాలేక రోడ్డు మీదే ఆగిపోతే, ఆయన్ని నవారు మంచంతో సహా ఎత్తి అక్కడిదాకా మోసుకెళ్లింది వాళ్లే. సైన్యంలో విడి పలకలు బిగించి బెయిలీ వంతెన కట్టేటప్పుడు 10 అడుగుల ఉక్కు పలకను ఆరుగురు కలిసి మోస్తారని, ఒక్కడి అడుగు తప్పినా మిగిలిన అయిదుగురి నడుములు విరుగుతాయని ఆయన ఈ పిల్లల చిన్నతనం నుంచీ చెబుతూనే ఉండేవారు. సంక్రాంతికి మనవలందరూ చేరితే ఖాళీ మంచం మోయించి కవాతు కూడా చేయించేవారు. ఆ రాత్రి నొప్పితో పళ్లు బిగించి కూడా, “ఎడమ వైపు పొట్టివాళ్లను పెట్టిందెవడురా, వంతెన వాలిపోతోంది” అన్నారు. మంచం మోస్తున్నవాళ్లు నవ్వలేక, నవ్వు ఆపుకోలేక పడిన అవస్థ ఇప్పుడు తలుచుకుంటే మాకూ నవ్వు వస్తున్నది, కాసేపటికి ఏడుపూ వస్తున్నది.

ఆయన్ని ఎరిగినవారికి ఇందులో వింతేమీ కనిపించదు. లంగరులో, అంటే సైనికుల వంటశాలలో, వంట నేర్చుకున్న మనిషి కావడం వల్ల ఇరవై మందికి తక్కువగా ఉప్మా చేయడం ఆయనకు చేతకాలేదు. ఆదివారం పొద్దున్న ఆయన వంటింట్లోకి వెళ్లారంటే ఆ పూట వీధిలో సగం ఇళ్లలో పొయ్యి వెలిగేది కాదు, వారం రోజుల రవ్వ ఒక్క పూటలో అయిపోయిందని అమ్మ సణుగుడూ ఆగేది కాదు. అంత సరదా మనిషీ ఏటా డిసెంబర్ 16న మాత్రం పేకముక్కలు ముట్టేవారు కారు. ఎందుకని అడిగితే “ఇవాళ చేతికి ఆడదు” అని లేచి పొలం వైపు వెళ్లిపోయేవారు.

ఆసుపత్రిలో గడిచిన 23 రోజులలో అయిదు సార్లు రక్తం అవసరమైతే, అయిదు సార్లూ అడిగిన గంటలోపే ఎవరో ఒకరు తాడేపల్లిగూడెం నుంచి వచ్చి ఇచ్చి వెళ్లారు. వారిలో ఇద్దరి పేర్లు కూడా మాకు తెలియవు. చదివితే దయచేసి తెలియజేయండి. రిఫరల్ కాగితం కోసం నేను ఎక్కడెక్కడో తిరగనవసరం లేకుండా చేసిన మాజీ సైనికుల వైద్య పథకం (ఈసీహెచ్ఎస్) పాలీక్లినిక్ సిబ్బందికి, సూది వేసిన ప్రతిసారీ పడుకునే సెల్యూట్ కొట్టే మా నాన్నగారికి నవ్వుతూ సెల్యూట్ తిరిగి కొట్టిన నర్సమ్మలకు, రాత్రిళ్లు వంతులవారీగా కాపలా ఉండి నన్ను నిద్రపోనిచ్చిన మా బాబాయిలకు, మేనబావలకు రుణపడి ఉంటాము. తుంటికి శస్త్రచికిత్స బాగానే జరిగినా, ఆ తర్వాత ఊపిరితిత్తులకు పట్టిన నిమ్ము తగ్గలేదు.

కబురు తెలిసి, వెల్లూరు నుంచి రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చిన ఆయన స్నేహితుడికి ఏ భాషలో కృతజ్ఞత చెప్పాలో మాకు తెలియడం లేదు. ఆయనకు తెలుగు సగమే వచ్చు, మాకు తమిళం ఆ పాటి కూడా రాదు. అయినా 1971 డిసెంబర్‌లో పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధంలో, శకర్‌గఢ్ సెక్టారులో, బసంతర్ నది దగ్గర 9 ఇంజనీర్ రెజిమెంట్ మందుపాతరలు తీసి ట్యాంకులకు దారి చేసిన రాత్రి గురించి మేము మొదటిసారి విన్నది ఆయన నోటే. చీకట్లో నేల మీద బోర్లా పడుకుని, సన్నని చువ్వతో మట్టిని ఏటవాలుగా గుచ్చుకుంటూ జానెడు జానెడు ముందుకు జరుగుతుంటే, పక్కనే మా నాన్నగారు తెలుగులో ఏవో వేళాకోళాలు గొణుగుతూనే ఉన్నారట. “ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ నవ్వాను. నవ్వితే చెయ్యి వణకడం ఆగింది” అన్నారాయన. దారి పూర్తిగా తెరవకముందే పూనా హార్స్ అనే రెజిమెంటు ట్యాంకులు అవతలికి దాటాయి. డిసెంబర్ 16న ఆ పోరులోనే ప్రాణాలర్పించి పరమవీర చక్ర పొందిన సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేత్రపాల్‌కు అప్పటికి 21 ఏళ్లు. మా నాన్నగారికీ అంతే. పేకముక్కల సంగతి మాకు అప్పటికి గాని బోధపడలేదు.

బయటివారు మా ఊరిని మిలటరీ మాధవరం అంటారు. సైన్యం నుంచి వచ్చినవారిని సాగనంపడం ఇక్కడ ఎవరికీ నేర్పనక్కరలేదు. మాజీ సైనికులు తెల్లవారేసరికే మెడల్స్ పెట్టుకుని వచ్చి, పుష్పగుచ్ఛం ఉంచి, వరుసగా నిలబడి వందనం చేశారు. ఒక పిల్లవాడు ప్రేమతో జెండా తెచ్చి కప్పబోతే, ప్రభుత్వ, సైనిక లాంఛనాలతో జరిగే అంత్యక్రియలకే ఆ నియమం ఉందని, ఏదైనా సరే జెండాను చితి మీద కాలనివ్వకూడదని ఒక సుబేదారుగారు వాడి భుజం మీద చెయ్యి వేసి నెమ్మదిగా చెప్పారు. నాన్నగారు కూడా అదే చెప్పేవారు, కాకపోతే మధ్యలో ఒక జోకు ఉండేది.

అమ్మకు కుటుంబ పింఛను విషయంలో ఒక చిక్కు వచ్చింది. డిశ్చార్జి పుస్తకంలో ఆమె పేరు ఒక విధంగా, ఆధార్‌లో మరొక విధంగా ఉన్నది. పక్క వీధిలోని రిటైర్డ్ క్లర్కుగారు మూడు రోజులు మా అరుగు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుని, అఫిడవిట్ రాయించి, బెంగళూరులోని రికార్డు ఆఫీసుకు కాగితాలు పంపించి, రక్షణ శాఖ పింఛన్ల ఆన్‌లైన్ వ్యవస్థ అయిన స్పర్శ్‌లో వివరాలు సరిచేయించే పని మొదలుపెట్టారు. టీ తప్ప ఏమీ పుచ్చుకోలేదు.

ఆఖరుగా ఒక విన్నపం. పదకొండు రోజులూ మాకు వండి పంపినవారి గిన్నెలలో ఒక ఇత్తడి గుండిగ, రెండు స్టీలు క్యారియర్లు, ఒక పెద్ద జల్లిగరిటె మా ఇంట్లోనే మిగిలిపోయాయి. పేర్లు చెక్కి లేవు. ఇలాంటి సామాను వారం దాటితే శత్రువు దగ్గర పట్టుకున్న సొత్తు కింద జమ అని నాన్నగారు అనేవారు. ఆ గడువు నిన్నటితో దాటింది. అయినా ఇచ్చేస్తాము. ఏ పూట వచ్చినా సరే, ఉప్మా మాత్రం తిని వెళ్లాలని అమ్మ చెప్పమన్నది.