సమయం ఇస్తున్నారు సరే, ప్రశ్న కనబడాలి కదా

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

మాది కర్నూలు జిల్లాలో ఎమ్మిగనూరు దగ్గర ఒక పల్లె. నేను ఇంట్లోనే బట్టలు కుడతాను, మా ఆయన ఆటో నడుపుతారు. మా పాప ఊళ్లోని ప్రభుత్వ బడిలో ఐదో తరగతి చదువుతోంది. పాపకు పుట్టుకతోనే చూపు తక్కువ. కళ్లు ఒకచోట నిలవవు, అటూ ఇటూ కదులుతూ ఉంటాయి. హైదరాబాద్ ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రిలో చూపిస్తే లో విజన్ అన్నారు. అద్దాలు పెట్టినా పూర్తిగా సరికాదని, ఉన్న చూపునే బాగా వాడుకోవడం నేర్పాలని చెప్పారు. కాగితం మీద ఆనించి జరుపుకుంటూ చదివే భూతద్దం ఒకటి అక్కడే అలవాటు చేశారు. బోర్డు మీద రాసింది పాపకు కనపడదు, పక్కన కూర్చున్న పిల్ల చదివి చెప్పాలి. కానీ ఒకసారి విన్నది మరిచిపోదు. ఆరు లంగాలకు ఎన్ని మీటర్ల గుడ్డ పడుతుందో నేను కాగితం, పెన్సిల్ తీసేలోపు చెప్పేస్తుంది.

ఈ ఏడాది పాపకు నవోదయ ఆరో తరగతి ప్రవేశ పరీక్షకు దరఖాస్తు పెట్టాం. మా జిల్లా నవోదయ బనవాసిలో ఉంది, మాకు దగ్గరే. ఆరు నుంచి పన్నెండు దాకా చదువు, హాస్టల్, భోజనం అన్నీ ఉచితం. సీట్లలో 75 శాతం పల్లెటూరి పిల్లలకే. మాలాంటి వాళ్లకు ఇంతకు మించిన బడి ఇంకోటి లేదు. ఒక్కో బడిలో ఆరో తరగతికి 80 సీట్లకు మించవు కాబట్టి పోటీ ఎంత ఉంటుందో మీకు చెప్పాల్సిన పని లేదు. పైగా ఈ పరీక్ష ఒక పిల్లకు జీవితంలో ఒక్కసారే. ఈసారి తప్పితే వచ్చే ఏడాది మళ్లీ రాద్దాంలే అనుకోవడానికి లేదు. అందుకే ఇంత టెన్షన్ పడుతున్నాం. చూపు తక్కువైన పిల్లలకు ప్రశ్నపత్రం పెద్దగా అచ్చు వేసి ఇవ్వాలని అడగడానికే ఈ ఉత్తరం.

పరీక్ష రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో మెంటల్ ఎబిలిటీ భాగానికే 40 ప్రశ్నలు, 50 మార్కులు. అంటే సగం. అవన్నీ బొమ్మలే. నాలుగు బొమ్మల్లో తేడాగా ఉన్నది ఏది, అద్దంలో చూస్తే ఎలా కనపడుతుంది, కాగితం మడిచి చిల్లు పెట్టి విప్పితే చిల్లులు ఎక్కడెక్కడ ఉంటాయి, పెద్ద బొమ్మలో చిన్న బొమ్మ ఎక్కడ దాగి ఉంది, ఇలా. బజారులో దొరికే గైడ్లలో ఒక్కో బొమ్మ నా బొటనవేలి గోరంత ఉంటుంది. గీతకు గీతకు మధ్య సందు మామూలు కళ్లకే సరిగ్గా ఆనదు. మిగతా సగంలో లెక్కలకు 20 ప్రశ్నలు, భాషకు 20 ప్రశ్నలు. అవి పాప చేసేస్తుంది.

టౌన్లో ఒక కోచింగ్ సెంటర్‌కు తీసుకెళ్తే అక్కడి మాస్టారు పాప పుస్తకం పట్టుకునే తీరు చూసి, "ఈ అమ్మాయికి బొమ్మల పార్ట్ కుదరదమ్మా, లెక్కల మీదే పెట్టండి" అన్నారు. యాభై మార్కులు వదులుకుని పరీక్ష రాయమంటే ఎలా? నాకు చాలా బాధేసింది. పాప పక్కనే నిలబడి వింటోంది.

మా మండలంలో దివ్యాంగ పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రంలో ఐఈఆర్టీ మేడం, అంటే ఇలాంటి పిల్లలకు నేర్పే టీచర్, మాత్రం ఆ మాట ఒప్పుకోలేదు. గైడులో బొమ్మల పేజీలు తీసుకుని జిరాక్స్ షాపుకు వెళ్లమన్నారు. ఏ4 కాగితాన్ని ఏ3 మీదకు పెంచి తీయించమన్నారు. అలా తీస్తే ప్రతి గీత 141 శాతానికి పెరుగుతుందట. మరీ సన్నగా ఉన్న పేజీలను రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్కను మళ్లీ పెంచి తీయించాం. ఆ కాగితాలు నా కుట్టు మిషన్ బల్ల మీద పరిచి, కిటికీ వెలుగు పక్క నుంచి పడేలా కూర్చోబెట్టాను. పాప భూతద్దం పెట్టుకుని ఒక్కో బొమ్మా చూసుకుంటూ పోయింది. మామూలు సైజులో సగానికి పైగా తప్పిన అదే పేజీలో, పెద్దగా చేసిన తర్వాత ఒకటో రెండో తప్ప అన్నీ సరిగ్గా చేసింది. కాగితం మడిచే ప్రశ్నలైతే నాకంటే ముందే చెప్పేసింది. మామూలు కాగితం మీద పావుగంట చూస్తే కళ్లల్లో నీళ్లు కారతాయి, తల నొప్పి అంటుంది. పెద్ద కాగితం మీద గంట కూర్చున్నా ఏమీ అనలేదు. పాపకు తెలివి ఉంది, బొమ్మ కనబడటం లేదు, అంతే.

దివ్యాంగులైన పిల్లలకు నవోదయ పరీక్షలో 40 నిమిషాలు అదనంగా ఇస్తారు. అందుకు సంతోషం. కానీ సమయం పెంచినంత మాత్రాన బొమ్మ పెద్దదైపోదు కదా. కనపడని దాన్ని ఇంకో నలభై నిమిషాలు చూస్తే కళ్లు ఇంకా అలిసిపోతాయి.

మేడం మాకు ఒక కాగితం చూపించి తెలుగులో విడమరిచి చెప్పారు. దివ్యాంగుల రాత పరీక్షల గురించి కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టు 29న ఇచ్చిన మార్గదర్శకాలవి (2025లో వాటి బదులు కొత్తవి వచ్చాయి). గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలని అందులో ఉంది. రెండు గంటలకు నలభై అన్న లెక్క అదే. ఆ కాగితంలోనే ఇంకో మాట కూడా ఉంది. బ్రెయిలీలోనా, కంప్యూటర్ మీదా, పెద్ద అక్షరాల పేపర్‌లోనా, ఎలా రాయాలో ఎంచుకునే వీలు అభ్యర్థికే ఇవ్వాలట. చూపుతో పనిపడే ప్రశ్నలకు బదులు వేరే ప్రశ్నలు ఇచ్చే పద్ధతి గురించి కూడా ఉంది. అంతకు ముందే 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం కూడా, ఇలాంటి పిల్లల అవసరానికి తగ్గట్టు పరీక్షల్లో మార్పులు చేయాలని 17వ సెక్షన్‌లో చెప్పింది. ఈ నాలుగింటిలో అదనపు సమయం ఒక్కటే అందరి నోటా నానుతోంది, మిగతావి ఎవరూ తలవడం లేదు. మా పాపకు బొమ్మ పెద్దగా ఉంటే చాలు. అసలు చూపే లేని పిల్లల సంగతి ఏమిటి? వాళ్లను బొమ్మలకు బదులు మాటల్లోనే అడగాలి. లేకపోతే ఎంత తెలివైన పిల్లలైనా యాభై మార్కులు ముందే పోగొట్టుకుని కూర్చోవాలి.

జవాబులకు సున్నాలు దిద్దే ఓఎంఆర్ షీటుతో ఇంకో కష్టం. జవాబు తెలిసినా సున్నా దిద్దేటప్పుడు వరుస తప్పుతుంది. ఇంట్లో ప్రాక్టీసు చేయిస్తుంటే 23వ ప్రశ్న జవాబు 24వ వరుసలో దిద్దేసింది. అక్కడి నుంచి అన్నీ ఒక వరుస కిందికి జరిగిపోయాయి. స్కేలు ఆనించుకుని దిద్దడం నేర్పిస్తున్నాను. కానీ పదేళ్ల పిల్ల పరీక్ష హాల్లో ప్రశ్నా చూసుకుని, వరుసా చూసుకుని, భూతద్దమూ స్కేలూ పెన్నూ ఎన్నని పట్టుకుంటుంది? జవాబులు ప్రశ్నపత్రం మీదే గుర్తు పెట్టనిచ్చి, పరీక్ష అయ్యాక ఇన్విజిలేటర్ ముందే ఇంకొకరు ఓఎంఆర్ మీద దిద్దితే ఎవరికి నష్టం?

పెద్ద పేపర్ ఇస్తే మిగతా పిల్లలకు అన్యాయం కదా అని మా బంధువుల్లోనే ఒకరు అడిగారు. ప్రశ్నలు అవే, జవాబులు అవే. కటాఫ్ తగ్గించమనీ నేను అడగడం లేదు. ఖర్చు ఎక్కువ అంటే దానికీ ఒప్పుకోను. దివ్యాంగులమని దరఖాస్తులోనే రాస్తున్నాం కాబట్టి ఏ కేంద్రానికి ఎంతమంది అలాంటి పిల్లలు వస్తారో ముందే తెలుస్తుంది. నాలాంటి దాన్ని జిరాక్స్ షాపులో నిలబడి చేయించగలిగినప్పుడు ఇంత పెద్ద వ్యవస్థకు అదేమంత పని?

ఇది నవోదయ ఒక్కదాని గురించే కాదు. గురుకులాలకు, మోడల్ స్కూళ్లకు కూడా ఈ వయసు పిల్లలే ప్రవేశ పరీక్షలు రాస్తున్నారు. వినికిడి తక్కువైన పిల్లలు, చెయ్యి సరిగ్గా తిరగని పిల్లలు, అక్షరాలు తారుమారుగా కనపడే పిల్లలు, ఒక్కొక్కరిది ఒక్కో అవసరం. భవిత కేంద్రంలో కలిసిన ఒక తండ్రి చెప్పారు, వాళ్ల బాబు ఒక ప్రవేశ పరీక్ష రాస్తుంటే అందరితో పాటే పేపర్ లాగేసుకున్నారట. అదనపు సమయం సంగతి ఆ గదిలో ఉన్న సారుకు తెలియదు. పిల్లవాడు భయపడి అడగలేదు. పదేళ్ల పిల్లల చేత హక్కులు అడిగించకూడదు. హాల్ టికెట్ మీదే ఈ బిడ్డకు ఫలానా సదుపాయం ఇవ్వాలి అని అచ్చు వేస్తే ఇన్విజిలేటర్ చదివి తెలుసుకుంటారు.

ఇక వైకల్యం ఉందని ఇచ్చే సదరం సర్టిఫికెట్ సంగతి. సచివాలయంలో స్లాట్ కోసం ఎదురుచూడటం, ఆసుపత్రికి పోవడం, మళ్లీ రమ్మంటే పని మానుకుని పోవడం, ఇవన్నీ తెలిసినవే. మూడో తరగతో నాలుగో తరగతో చదివేటప్పుడే బడుల వారీగా ఇలాంటి పిల్లలను గుర్తించి ముందుగా స్లాట్లు ఇస్తే ఐదో తరగతిలో దరఖాస్తుల వేళ ఈ పరుగులు ఉండవు.

మీ పత్రికకు కూడా ఒక మనవి. ఇలాంటి ప్రవేశాల నోటిఫికేషన్ వచ్చినప్పుడు వయసు, తేదీలు, మార్కులు, సిలబస్ అన్నీ వేస్తారు. దివ్యాంగ పిల్లలకు రిజర్వేషన్ ఎంత, అదనపు సమయం ఎంత, జవాబులు రాసిపెట్టే మనిషి (స్క్రైబ్) కావాలన్నా పెద్ద అక్షరాల పేపర్ కావాలన్నా ఎవరిని ఎప్పటిలోగా అడగాలి అన్నవి కూడా అధికారులను అడిగి ఆ వార్తలోనే వేయండి. ఇలాంటి బిడ్డకు అసలు దరఖాస్తే పెట్టకూడదేమో అనుకుని ఊరుకున్న తల్లిదండ్రులు మా చుట్టుపక్కల ఊళ్లలోనే ఉన్నారు. వాళ్ల ఇళ్లకు మీ పేపర్ వెళ్తుంది.

ఇట్లు,
ఐదో తరగతి చదివే ఒక పాప తల్లి
ఎమ్మిగనూరు మండలం, కర్నూలు జిల్లా