రూలు ఒకటి, అలవాటు ఒకటి

ఒరేయ్ శ్రీనూ,

చివరి బంతిదాకా సాగే మ్యాచ్‌లంటే నువ్వు చెవి కోసుకుంటావు కదా, అందుకే ఈ ముచ్చట నీకే రాస్తున్నా. క్రికెట్ కాదు, బేస్‌బాల్. 1908 సెప్టెంబర్ 23న న్యూయార్క్‌లో, పోలో గ్రౌండ్స్‌లో జెయింట్స్‌కీ చికాగో కబ్స్‌కీ జరిగిన మ్యాచ్. నేషనల్ లీగ్ టైటిల్ కోసం ఈ రెండు జట్లూ, పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో కలిసి నువ్వా నేనా అంటున్న రోజులవి.

జెయింట్స్ ఫస్ట్ బేస్‌మన్ (మొదటి బేస్ దగ్గర కాపలా కాసే ఆటగాడు) ఫ్రెడ్ టెన్నీకి నడుంనొప్పి రావడంతో, ఆ రోజు ఫ్రెడ్ మెర్కిల్ అనే 19 ఏళ్ల కుర్రాణ్ణి దింపారు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో స్కోరు 1-1. జెయింట్స్ బ్యాటింగ్, ఇద్దరు ఔట్. ఈ ఆటలో మూడు బేస్‌లూ వరసగా దాటి హోమ్ ప్లేట్‌కి తిరిగొస్తేనే పరుగు, ముగ్గురు ఔటైతే బ్యాటింగ్ అయిపోయినట్టే. మెర్కిల్ మంచి షాట్ కొట్టి ఫస్ట్ బేస్ చేరాడు, మూస్ మెకార్మిక్ థర్డ్ బేస్‌కి వెళ్లాడు. టెన్షన్ ఊహించుకో! తర్వాత వచ్చిన అల్ బ్రిడ్‌వెల్ బంతిని మైదానం మధ్యలోకి కొట్టాడు. మెకార్మిక్ హోమ్ ప్లేట్ తాకాడు. గెలిచేశామని జనం గట్టు తెగినట్టు మైదానంలోకి వచ్చిపడ్డారు.

మెర్కిల్ సెకండ్ బేస్ దాకా పోకుండా, సగం దారిలోనే క్లబ్‌హౌస్ వైపు తిరిగాడు. అప్పట్లో మామూలుగా జరిగేది అదేరా. గెలుపు పరుగు వచ్చాక ఆ బేస్ తాకావా లేదా అని అంపైర్లు పెద్దగా పట్టించుకునేవారు కాదు. కానీ బంతి కొట్టినవాడు ఫస్ట్ బేస్‌కి వస్తుంటే, అక్కడున్నవాడు సెకండ్ బేస్‌కి పోయి తీరాలి. అతనికన్నా ముందే ప్రత్యర్థి బంతి పట్టుకుని ఆ బేస్ తాకితే అతను ఔట్, దాన్నే ఫోర్స్ ఔట్ అంటారు. రూలు ప్రకారం వెనకున్న రన్నర్ ఇలా ఫోర్స్ ఔటై అది మూడో ఔటైతే, ముందువాడి పరుగు చెల్లదు.

కబ్స్ ఆటగాడు జానీ ఎవర్స్‌కి ఈ రూలు కొట్టినపిండి. సెప్టెంబర్ 4న పిట్స్‌బర్గ్‌లో అచ్చం ఇలాగే జరిగితే ఔటివ్వమని పట్టుబట్టాడు. అంపైర్ హాంక్ ఓడే ఇవ్వలేదు. ఇప్పుడూ ప్లేట్ వెనకున్నది ఆ ఓడేనే!

ఎవర్స్ సెకండ్ బేస్ దగ్గర నిలబడి బంతి కోసం కేకలు. సంగతి పసిగట్టిన జెయింట్స్ పిచ్చర్ (బంతి విసిరే ఆటగాడు) జో మెక్‌గినిటీ బంతిని లాక్కుని జనంలోకి విసిరేశాడంటారు. ఎలాగైతేనేం, ఒక బంతి ఎవర్స్ చేతికొచ్చింది. అది అసలు బంతేనా అన్నది ఇప్పటికీ తేలలేదు. ఓడే ఈసారి ఔటిచ్చాడు. మైదానం నిండా జనం, పైగా చీకటి పడుతోంది. ఇక ఆడించలేక మ్యాచ్ టై అన్నారు.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. సీజన్ ముగిసేసరికి రెండు జట్లకూ చెరో 98 గెలుపులు, 55 ఓటములు! దాంతో అక్టోబర్ 8న మళ్లీ ఆడించారు. జెయింట్స్ తరఫున మహా పిచ్చర్ క్రిస్టీ మాథ్యూసన్ దిగాడు. కబ్స్ మొదటి ఇన్నింగ్స్‌లోనే పిచ్చర్‌ని మార్చి మోర్డికై బ్రౌన్‌ని దింపారు. చిన్నప్పుడు పొలం మిషన్‌లో వేలు పోగొట్టుకున్నవాడు. ఆ చేత్తోనే బంతి విచిత్రంగా తిప్పేవాడు. కబ్స్ 4-2తో గెలిచి, ఆపై వరల్డ్ సిరీస్ (అమెరికా బేస్‌బాల్ ఫైనల్) కూడా కొట్టేశారు.

నింద మాత్రం మెర్కిల్ నెత్తిన పడింది. బుర్రలేనివాడని పేపర్లు ఆడిపోసుకున్నాయి. మేనేజర్ జాన్ మెక్‌గ్రా మాత్రం అతన్ని ఒక్క మాట అనలేదు, జట్టులోనే ఉంచుకున్నాడు. అందుకు మెక్‌గ్రా అంటే నాకు చాలా గౌరవం. మెర్కిల్ ఆ తర్వాత ఏళ్ల తరబడి బాగా ఆడినా ఆ పేరు వదల్లేదు. ఆ షాట్ కొట్టిన బ్రిడ్‌వెల్ అయితే, అసలు తాను ఔటైపోయినా బాగుండేదని ముసలితనంలో బాధపడ్డాడు.

రూలు ప్రకారం ఓడే చేసింది సరైనదే. కానీ అందరూ చేసే పనికి ఒక్క కుర్రాణ్ణి జీవితాంతం దోషిని చేయడం అన్యాయంరా. ఆ రూలును ఇకనుంచి గట్టిగా పాటిస్తామని సీజన్ మొదట్లోనే జట్లన్నిటికీ చెప్పి ఉండాల్సింది. నువ్వే ఆ అంపైరువైతే ఏమిచ్చేవాడివో రాయి. ఇంటిల్లిపాదినీ అడిగానని చెప్పు.

నీ
రాఘవ