మా వీధిలో మళ్లీ నడుస్తున్నాం, మీ అందరికీ దండాలు

శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో మా వీధి రోడ్డు, కాలువ, దాని మీద జనం నడిచే పలకలు అన్నీ ఈ వారమే పూర్తయ్యాయి. పనిచేసినవాళ్లు సామాన్లు ట్రాక్టరులో వేసుకుని పక్క వీధికి వెళ్లిపోయారు. ఎదురుగా నిలబడి చెబుదామంటే నాకు మాట పెగల్లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మన వజ్రపుకొత్తూరు దగ్గరే తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు మొత్తం పోగొట్టుకున్నవాళ్ల బాధ ముందు ఒక వీధి రోడ్డు ఎంతని అనిపించొచ్చు, నిజమే. కానీ మా మావయ్యగారికి కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించాలి, గుమ్మం దాకా ఆటో రాలేదంటే ఆ రోజంతా ఇంట్లో ఒకటే టెన్షన్. ఇంటింటా కిడ్నీ జబ్బులు చూస్తున్న మన ఉద్దానం వాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

వీధి మొదట్లో ఉన్న పెద్ద నిద్రగన్నేరు చెట్టు ఆ గాలికి వేళ్లతో సహా లేచి రోడ్డుకు అడ్డంగా పడింది, పడుతూ పడుతూ కాలువ గోడనీ పలకల్నీ కూడా పెకలించేసింది, కరెంటు స్తంభం విరిగి తీగలన్నీ నీళ్లలో ఉన్నాయి. మా దగ్గరికి మొదట వచ్చింది విజయనగరం నుంచి వచ్చిన పారిశుధ్య కార్మికులు. కొమ్మలు నరికి మనిషి పట్టేంత దారి చేశారు. మావయ్యగారిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురూ నాలుగు వైపులా పట్టుకుని మెయిన్ రోడ్డు దాకా మోసింది వాళ్లే. టీ ఇద్దామంటే ఇంట్లో పాలు లేవు. పైగా వాళ్లకిచ్చిన పులిహోర పొట్లాల్లోంచి ఒకటి తీసి మా పిల్లల చేతిలో పెట్టి వెళ్లారు. ఆ తల్లులు ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

గోదావరి జిల్లాల నుంచి వచ్చిన లైన్‌మెన్ తమ్ముళ్లకు కూడా చెప్పాలి. దసరా రోజుల్లో ఇల్లూ వాకిలీ వదిలి వచ్చి, బడి గదుల్లో పడుకుని స్తంభాలు నిలబెట్టారు. కరెంటు వచ్చాకే మోటార్లు తిరిగాయి, తాగడానికి నీళ్లు దొరికాయి.

చెట్టు లేచిన చోట మాత్రం పెద్ద గొయ్యి మిగిలింది. అందులో మట్టి పోసి సరిపెట్టారు, డిసెంబరులో పెథాయ్ తుపాను వానలకు ఆ మట్టి కాస్తా కిందికి దిగిపోయింది, ఒకాయన బండితో సహా అందులో పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. అందుకే ఈసారి పనికి వచ్చిన మేస్త్రి గారు ఎలా చేస్తారా అని అందరం గుమ్మాల్లో నిలబడి చూశాం. ఆయన ముందు పోసిన మట్టంతా తోడించేశారు. తెగిన వేళ్లు కుళ్లితే నేల గుల్లవుతుందట, ఒక్కొక్కటీ వెతికి తీయించారు. "కింద గుల్లగుంటే పైన ఎంత పోసినా దిగిపోద్దమ్మా" అన్నారు. తర్వాత గ్రావెల్ ఒక్కసారిగా నింపకుండా పొరపొరకూ నీళ్లు చల్లి దిమ్మిస కొట్టించి, దాని మీద పిక్కరాళ్లు పరిచి, అప్పుడు కాంక్రీటు వేశారు. వాన నీళ్లు నిలవకుండా రోడ్డు వాలు కాలువ వైపు పెట్టారు. తట్టలు మోసిన అక్కలు సాయంత్రం పని అయిపోయాక కూడా గోనెసంచులు పరిచి తడిపి గానీ కదల్లేదు.

ఇంకొక్క మాట చెప్పకపోతే తప్పవుతుంది. మావయ్యగారి సంగతి నేను చెప్పలేదు, ఆయన నడక చూసి మేస్త్రి గారే అడిగారు. అడిగి, మా గుమ్మం ముందు మెట్టు తీయించి చక్రాల కుర్చీ దిగేలా వాలుగా కట్టించారు. దానికి విడిగా ఒక్క రూపాయి కూడా తీసుకోలేదు. ఇప్పుడు ఆయన సాయంత్రం పూట చేతికర్రతో వీధి చివరి కొట్టు దాకా ఒక్కరే వెళ్లొస్తున్నారు.

మా వీధివాళ్లకు ఒక మనవి. కొత్త కాంక్రీటుకు పూర్తి బలం రావడానికి 28 రోజులు పడుతుందని మేస్త్రి గారు మరీ మరీ చెప్పి వెళ్లారు. అందాకా ఇసుక లారీలు, జీడిపిక్కల బస్తాల ట్రాక్టర్లు మెయిన్ రోడ్డు మీదే ఆపించండి. పక్క వీధివాళ్లూ, ఇప్పుడు వాళ్లు మీ దగ్గరే పనిచేస్తున్నారు, ఎండ బాగా ఉంది, ఓ బిందె మంచినీళ్లు బయట పెట్టండి. వాళ్లలో చదవడం రానివాళ్లుంటే ఈ పోస్టు కాస్త చదివి వినిపించండి.