గడ్డిని దేంట్లో నానబెట్టారో అడగండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న శనివారం అంగడిలో నా దగ్గరికి పుట్టగొడుగుల కోసం వచ్చిన ఒక అమ్మాయి తన ఫోన్లో ఒక డబ్బా బొమ్మ చూపించింది. అది పుట్టగొడుగుల కాఫీ పొడి. ఆర్గానిక్ అని ఆకుపచ్చ అక్షరాలతో పెద్దగా రాసి ఉంది. "అక్కా, చలికాలం ఇది తాగితే మంచిదంటున్నరు, తెప్పించుకోవాల్నా? నీ కాడ ఉన్నయి గూడ ఆర్గానిక్కేనా?" అని అడిగింది. వెనక ఇంకో నలుగురు నిలబడి ఉన్నారు. ఆ రెండో ప్రశ్నకు సరైన జవాబు చెప్పే తీరిక దొరకలేదు. కొనేవాళ్లకూ పండించేవాళ్లకూ తెలియాల్సిన సంగతి కాబట్టి మీ పత్రికకు రాస్తున్నాను.

మాది జగిత్యాల జిల్లాలో ఒక పల్లె. అంగన్‌వాడీ టీచరుగా పనిచేసి రిటైరయ్యాక, నాలుగేళ్లుగా ఇంటి వెనక కొట్టంలో ముత్యపుచిప్ప పుట్టగొడుగులు పెంచుతున్నాను. దుకాణాల్లో 200 గ్రాముల డబ్బాల్లో దొరికే గుండ్రటి బటన్ రకం కాదిది. బటన్‌కు కంపోస్టు కావాలి, కాపు సమయంలో 14 నుంచి 18 డిగ్రీల చల్లదనం కావాలి. ముత్యపుచిప్పకు వరిగడ్డి ఉంటే చాలు, 20 నుంచి 28 డిగ్రీల మధ్య హాయిగా వస్తుంది. వానాకాలం వరి కోసి కొత్త గడ్డి ఇల్లు చేరాక మొదలుపెడితే మాఘం దాకా మా దగ్గర దీనికి మంచి కాలం. పుష్యమాసపు రాత్రుళ్లలో చలి ముదిరితే తలుపులకు గోనెపట్టాలు కడతాను. అయినా 20 రోజుల్లో గడ్డి నిండా పాకాల్సిన పుట్టగొడుగు విత్తనపు తెల్లబూజు 25 రోజులు తీసుకుంటుంది.

ఇక ఆర్గానిక్ మాట. నేను మొదట ఒక శిక్షణకు వెళ్లాను. ఎక్కడన్నది ఇక్కడ అవసరం లేదు, ఎందుకంటే చాలాచోట్ల నేర్పేది అదే. 100 లీటర్ల నీళ్లలో 125 మిల్లీలీటర్ల ఫార్మలిన్, 7.5 గ్రాముల కార్బెండజిమ్ కలిపి, ముక్కలు చేసిన గడ్డిని అందులో ముంచి, పైన పాలిథిన్ కప్పి 16 నుంచి 18 గంటలు ఉంచమన్నారు. గడ్డిలో ఉండే వేరే బూజులు చస్తేనే మన విత్తనం పాకుతుంది, అందుకే ఈ మందు నీళ్లు. అది దొంగ పద్ధతేం కాదు, పుస్తకాల్లో ఉన్న పద్ధతే. కానీ ఫార్మలిన్ అంటే ఫార్మాల్డిహైడ్ అనే వాయువు కలిసిన నీళ్లు. ఆ వాయువును క్యాన్సర్ కారకాల జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లోనే చేర్చింది. కార్బెండజిమ్ మనం పొలంలో తెగుళ్లకు కొట్టే శిలీంద్రనాశిని. మొదటిసారి ఆ పాలిథిన్ ఎత్తినప్పుడు నా కళ్ల నుంచి ధారగా నీళ్లు కారాయి, గొంతు పట్టుకుంది. గడ్డిని ఆరబెడితే ఘాటు పోతుందన్నారు, పోయింది కూడా. కానీ మనవడు కొట్టంలోకి పరుగెత్తుకొస్తుంటే లోపలికి రావద్దని కసిరి బయటికి పంపాల్సి వచ్చింది. పిల్లవాడిని రానివ్వలేని చోట పండింది పిల్లవాడి కంచంలో ఎట్లా పెట్టాలి? ఆ ఒక్కసారితో ఆ పద్ధతి మానేశాను.

నాకు బాధ కలిగించేది ఏమిటంటే, ఇట్లా పండిన వాటిని కూడా కొందరు ఆర్గానిక్ అని అమ్ముతున్నారు. వాళ్లలో చాలామందికి అది తప్పని తెలియదు. "మొక్కకు ఎరువు వెయ్యలే, పురుగుమందు కొట్టలే, ఇంకేం కావాలె?" అంటారు. పుట్టగొడుగు మొక్క కాదు. దానికి వేరు, ఆకు లేవు. అది గడ్డినే కరిగించి తాగి పెరుగుతుంది, కాబట్టి గడ్డిలో ఉన్నదాన్ని తనలోకి తీసుకుంటుంది. ఆర్గానిక్ అవునా కాదా అన్నది ఆ గడ్డి ఎవరి మడిలో పండింది, దేంట్లో నానింది అన్నదాని మీదే ఉంటుంది.

మందు వద్దనుకుంటే గడ్డిని ఉడకబెట్టాలి. రెండో ఏడు నూనె డ్రమ్ములో నీళ్లు మరగబెట్టి, పత్తికట్టె, మక్కబెండ్లు మంటపెట్టి చేశాను. డ్రమ్ములో అడుగున ఉడికింది, పైన ఉడకలేదు. ఆ గడ్డిలో విత్తనం కలిపి 20 సంచులు కడితే ఆరింటికి ఆకుపచ్చ బూజు పట్టి పారేశాను. ఒక్కదాన్నే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మంట దగ్గర ఉన్నా అయింది 15 కిలోల గడ్డి. ఇది చూసిన పక్కవాళ్లు, "మందు నీళ్లల్ల ఏస్తే అలుకగ అయితది గద వదినా" అన్నారు. వాళ్లను తప్పు పట్టలేను. కట్టెలు, మనుషుల కూలీ లెక్కేస్తే మందు నీళ్లే చవక.

పరిష్కారం మా ఊళ్లోనే ఉంది, కానీ నాకు తట్టడానికి ఇంకో ఏడు పట్టింది. మాది పసుపు పండే సీమ. పసుపు తవ్వాక కొమ్ములు ఉడికించడానికి ఇప్పుడు పాత కడాయిల బదులు ఆవిరి యంత్రాలు వచ్చాయి. ఒక బాయిలరు, దానికి గొట్టాలతో కలిపిన నాలుగు డ్రమ్ములు, ట్రాక్టరు వెనక కట్టుకుని చేను దగ్గరికే తీసుకుపోతారు. పసుపు తవ్వకాలు సంక్రాంతి తర్వాతే ఊపందుకుంటాయి. అంటే పుట్టగొడుగుల గడ్డి ఉడకాల్సిన రెండు నెలలూ ఆ యంత్రాలు చెట్ల కింద పరదా కప్పుకుని ఊరికే ఉంటాయి. మా మరిదికి అలాంటి యంత్రం ఉంది. పోయిన కార్తీకంలో అడిగితే, "పసుపు కొమ్ములే ఉడుకుతయి, గడ్డి ఉడకదా వదినా, పెట్టుండ్రి" అన్నాడు.

గడ్డిని రెండంగుళాల ముక్కలుగా కోసి రాత్రంతా మంచినీళ్లలో నానబెట్టాం. పొద్దున నీళ్లు వడిచాక డ్రమ్ముల్లో వదులుగా నింపి గంటసేపు ఆవిరి పట్టాం. డ్రమ్ము తెరిస్తే కొత్త గడ్డి ఉడికిన తియ్యటి వాసన. కడిగిన పరదా మీద పరిచి, పిడికిట్లో పిండితే నీటిచుక్క రాలకుండా అరచెయ్యి మాత్రం తడిసేదాకా ఆరబెట్టాం. ముగ్గురం ఆడవాళ్లం మధ్యాహ్నానికల్లా 60 కిలోల గడ్డి ముగించాం. ఆ విడత నాకు పాడైంది ఒక్క సంచి. కిలో ఎండుగడ్డికి మూడు కోతల్లో కలిపి 600 గ్రాముల దాకా వచ్చాయి. పసుపు రైతులకూ మహిళా సంఘాలకూ నా విన్నపం ఇదే: మీ ఊళ్లో ఈ యంత్రం ఉంటే కార్తీక మార్గశిరాల్లో ఒకటి రెండు రోజులు గడ్డికి ఇవ్వండి, తీసుకోండి. శిక్షణ ఇచ్చే అధికారులు కూడా మందు డ్రమ్ముతో పాటు ఆవిరి డ్రమ్మును చూపించాలి.

ఇక వంట. మా అత్తమ్మ కార్తీకంలో నీసు ముట్టదు, పుట్టగొడుగును కూడా నీసులోనే లెక్కేస్తుంది. ఆ నెల ఆమె పొయ్యి వేరు, నా గిన్నె వేరు. ఆమె పట్టింపును నేను గౌరవిస్తాను. మార్గశిరం రాగానే మాత్రం, "చారు పెట్టవా బిడ్డా" అని ఆమే అడుగుతుంది. పుట్టగొడుగులను కత్తితో కొయ్యను, చేత్తో పీలికలు చేస్తాను. నూనె లేకుండా ఇనుప పెనం మీద వేస్తే ముందు నీళ్లు వదులుతాయి. ఆ నీళ్లు ఇగిరి అంచులు ఎర్రబడేదాకా కదపకూడదు, రుచంతా అక్కడే వస్తుంది. తర్వాత దంచిన మిరియాలు, జీలకర్ర, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, కొంచెం పసుపు, సరిపడా నీళ్లు పోసి పది నిమిషాలు మరిగించి, దించాక నిమ్మకాయ పిండుతాను. చింతపండు వేస్తే పుట్టగొడుగు రుచిని మింగేస్తుంది. స్టీలు గ్లాసులో పోసి పొద్దుగూకే వేళ తాగుతాం. జొన్నరొట్టెలోకైతే ఇదే వేపుడులో మెంతికూర, చివర్లో నువ్వుల పొడి.

మిగిలినవి ఎండబెడతాను. చీలికలను, కింది గీతల వైపు పైకి ఉండేట్టు చాట మీద పరిచి మధ్యాహ్నపు ఎండలో పెడతాను. పుట్టగొడుగులో ఎర్గోస్టెరాల్ అనే పదార్థం ఉంటుంది, ఎండ తగిలితే అది డి2 విటమిన్‌గా మారుతుంది. పది కిలోలు ఎండితే కిలో మిగులుతుంది, గలగలలాడేదాకా ఎండాక దంచి సీసాలో పోస్తాను. వేడి రాగిజావలో, మక్కగటకలో, పప్పుచారులో ఉడుకుతున్నప్పుడే ఒక చెంచా వేస్తే మాంసం ముక్క వేసినంత కమ్మదనం వస్తుంది. నేనైతే ఆ డబ్బా కాఫీ కొనను, ఈ పొడి వేసిన జావ తాగుతాను. ఇది తాగితే ఫలానా జబ్బు తగ్గుతుందని నేను ఎవరికీ చెప్పను. ఎవరైనా అట్లా చెప్పి అమ్మితే నమ్మకండి. మొదటిసారి తినేవాళ్లు కొద్దిగా తిని చూసుకోండి, పచ్చివి తినకండి. చేల గట్ల మీద మొలిచే కుక్కగొడుగుల జోలికి అసలే వెళ్లకండి. పెంచేవాళ్లకు ఇంకో మాట: గొడుగు అంచులు పైకి తిరగకముందే కోయండి. ముదిరితే సన్నటి పొడి రాలుతుంది, అది ఊపిరితిత్తులకు మంచిది కాదు. మొదటి ఏడు నాకు నెలపాటు దగ్గు వదల్లేదు, ఇప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకునే లోపలికి వెళ్తాను.

2017లో వచ్చిన సేంద్రియ ఆహార నిబంధనల ప్రకారం ఆర్గానిక్ అని అమ్మే సరుకుకు ధ్రువీకరణ ఉండాలి. చిన్న రైతు తినేవాళ్లకు నేరుగా అమ్ముకుంటే మినహాయింపు ఉంది. అది మంచిదే, మాలాంటివాళ్లం ఆ ఖర్చు పెట్టలేం. కానీ కాగితం లేనిచోట మాటైనా నిజం ఉండాలి. అందుకే ఆ అమ్మాయికి ఆ రోజు "ఆర్గానిక్కే" అని అనలేకపోయాను. నేను ఆవిరి పట్టిన గడ్డి మరిది పొలానిది, ఆ వరికి రెండుసార్లు పురుగుమందు కొట్టారు. ఈ ఏడు ఇంటి తిండికని మందు లేకుండా పండించిన పది గుంటల మడి గడ్డిని వేరుగా వామి వేయించాను. దాంతో కట్టిన సంచులు వచ్చే వారం మొదటి కోతకు వస్తాయి.

ఆ కోతను అంగడికి తెచ్చే రోజు ప్రతి పొట్లానికి ఒక చీటీ కుడతాను. రాసి పెట్టుకున్నాను కూడా: "గడ్డి మందు కొట్టని మడిది. ఆవిరితో ఉడికింది. ఫార్మలిన్, కార్బెండజిమ్ వాడలేదు. కోసింది ఈ పొద్దున." మందు కొట్టిన మడి గడ్డి మీద వచ్చినవాటికి వేరే చీటీ, అందులో ఆ మాటే ఉంటుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ అంగన్‌వాడీ టీచర్,
జగిత్యాల జిల్లా