బొద్దుగా ఉన్న పిల్లల్నీ లెక్కలోకి తీసుకోండి: స్త్రీ, శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ స్త్రీ, శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను హైదరాబాద్‌లో కూకట్‌పల్లి వైపు ఒక ప్రైవేటు స్కూల్లో ఎల్‌కేజీ టీచర్‌ని. ఒక్క అంతస్తు మెట్లెక్కేసరికి ఆయాసపడే నాలుగేళ్ల పిల్లలు ఇప్పుడు మా క్లాసుల్లో కనిపిస్తున్నారు. వాళ్ల కోసమే ఈ లేఖ.

బక్కచిక్కిన పిల్లల కోసం మనకు ఒక ఏర్పాటు ఉంది. అంగన్‌వాడీలో నెలనెలా బరువు తూస్తారు, ఎత్తు కొలుస్తారు, పోషణ్‌ ట్రాకర్‌ అనే ప్రభుత్వ యాప్‌లో ఎక్కిస్తారు. అది ఆగకూడదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 33 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. కానీ అదే సర్వే ఇంకో మాట కూడా చెప్పింది. దేశం మొత్తం మీద ఆ వయసు పిల్లల్లో అధిక బరువున్నవాళ్లు అంతకుముందు సర్వేలో 2.1 శాతం ఉంటే, ఈ సర్వేలో 3.4 శాతం. పట్నాల్లో, కాస్త కలిగిన ఇళ్లల్లో ఇది ఎక్కువ. ఆ ఇళ్ల పిల్లలు వచ్చేది మా దగ్గరికే. పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలేమో అంగన్‌వాడీలకు, ప్రభుత్వ, ఎయిడెడ్‌ బడులకే వెళ్తాయి. మా పిల్లల్ని కొలిచేవాళ్లు లేరు.

తల్లులనే తప్పు పట్టడం నాకు ఇష్టం లేదు. ఒక ఇంటి సంగతి చెప్తాను, మా క్లాసులో ఇలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. అమ్మానాన్నలిద్దరికీ ఉద్యోగాలు. నాన్న వచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర. అప్పుడు వాటర్‌ బాటిల్‌కి ఫోన్‌ ఆనించి, రైమ్స్‌ పెట్టి, నోరు తెరిచినప్పుడల్లా ఒక ముద్ద పెడతారు. కడుపు నిండిందో లేదో పిల్లాడికే తెలియదు. పడుకునేసరికి పదకొండున్నర, పొద్దున ఏడున్నరకి వ్యాన్‌. ఆ వయసుకి పది నుంచి పదమూడు గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. నిద్ర చాలకపోయినా బరువు పెరుగుతుందని ఇళ్లల్లో చాలామందికి తెలియదు. సాయంత్రం ఆడుకుందామంటే సెల్లార్‌ నిండా కార్లు, టెర్రస్‌కి తాళం. మధ్యాహ్నం గేటు దగ్గర అమ్మమ్మ చిప్స్‌ ప్యాకెట్‌ విప్పి పట్టుకుని నిలబడుతుంది. "పొద్దున్నుంచి ఏం తినలేదమ్మా మావాడు" అంటుంది. బరువు గురించి కదిలిస్తే "దిష్టి పెట్టకండి టీచర్‌" అని చెంగు అడ్డం పెడుతుంది. ఆమెది ఆకలి చూసిన తరం. పిల్లాడు బొద్దుగా కనిపిస్తేనే ఆమెకు ధైర్యం. ఆమెతో నెమ్మదిగా, గౌరవంగా మాట్లాడేవాళ్లు కావాలి. మన సమావేశాలకు తల్లులనే పిలుస్తాం, అమ్మమ్మల్నీ నానమ్మల్నీ కూడా పిలవాలి.

అసలు ఈ అధిక బరువు సమస్య బిడ్డ పుట్టకముందే మొదలవుతుంది. మన రాష్ట్రంలో ఆడవాళ్లలో 30 శాతం మందికి అధిక బరువు ఉందని ఆ సర్వేలోనే ఉంది. తల్లికి బరువు ఎక్కువున్నా, గర్భంతో ఉండగా షుగర్‌ వచ్చినా బిడ్డకు ఆ ముప్పు పెరుగుతుంది. అందుకే ఈ మాటలు గర్భిణుల చెకప్‌ దగ్గరే చెప్పాలి.

మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రెండేళ్లలోపు పిల్లలకు విడిగా చక్కెర వద్దని చెప్పారు. మన అంగన్‌వాడీల్లో ఏడో నెల నుంచి ఇచ్చే బాలామృతం పొడిలో మాత్రం చక్కెర ఉంది. బక్కపిల్లలకు శక్తి కావాలి, నిజమే. దాన్ని చక్కెర తగ్గించి ఎలా ఇవ్వొచ్చో ఆ సంస్థనే అడగండి. బడి గేటుకి 50 మీటర్లలోపు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి అమ్మకూడదని 2020 నుంచే ఆహార భద్రతా సంస్థ నిబంధన ఉంది. మా వీధిలోకి వచ్చి చూడండి, గేటు ఎదురుగానే దండల్లా వేలాడుతున్నాయి ప్యాకెట్లు.

విద్యాశాఖతో మాట్లాడి, వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోపు ప్రైవేటు ప్లేస్కూళ్లలో, ఎల్‌కేజీ, యూకేజీల్లో ఏడాదికి రెండుసార్లు ఎత్తు, బరువు కొలవాలని ఉత్తర్వు ఇప్పించండి. క్లాసు ముందు నిలబెట్టి కాదు, విడిగా కొలవాలి. ఆ కాగితం అమ్మానాన్నల చేతికే వెళ్లాలి. ఇప్పటికే "లడ్డూ" అని పిలిపించుకుంటున్న పిల్లల్ని ఇంకా చిన్నబుచ్చకూడదు. బరువు మిషన్‌ మేమే కొనుక్కుంటాం. కొలిచాక ఆ పిల్లాణ్ణి ఎవరి దగ్గరికి పంపాలో చెప్పే మనిషిని ప్రతి మండలానికీ ఒకరిని మీ శాఖ నుంచి ఇవ్వండి.

ఇట్లు,
ఒక ఎల్‌కేజీ టీచర్‌, హైదరాబాద్‌